ఇస్లామీయ విద్యపై పరిశోధన వ్యాసం: ప్రశ్న నుంచి ప్రూఫు దాకా

నా దగ్గరికి రెండు రకాల పరిశోధకులు వస్తుంటారు. మద్రసాలో ఆలిమ్ (ధర్మ పండితుడి) కోర్సు పూర్తిచేసి విశ్వవిద్యాలయంలో చేరినవారు కొందరు, బీఈడీ, ఎంఈడీ చదివి మద్రసా విద్యను పరిశోధనాంశంగా తీసుకున్నవారు మరికొందరు. ఇద్దరిదీ ఒకే ఫిర్యాదు: "వ్యాసం పంపాను సార్, రివ్యూకు కూడా వెళ్లకుండానే తిప్పి పంపారు." చదివి చూస్తే మొదటివారిది శుక్రవారం ఖుత్బాలా (మసీదు ప్రసంగంలా) ఉంటుంది, రెండోవారిది బడి తనిఖీ నివేదికలా ఉంటుంది. రెండూ పనికొచ్చే రచనలే, కాకపోతే జర్నల్ అడిగేది వేరు.

జర్నల్ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ మాట మీకెలా తెలిసింది?" కింద చెప్పేదంతా వాక్యం వాక్యానికీ ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకునే పద్ధతి. హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనాల) శాస్త్రం చదివినవారికి ఇది కొత్తేమీ కాదు. సనద్ (ఎవరి ద్వారా వచ్చిందో చెప్పే వరుస) లేని మాటను ముహద్దిసులు (హదీసు పండితులు) ఎలా చూసేవారో, ఆధారం లేని వాక్యాన్ని రివ్యూయర్ (జర్నల్ తరఫున వ్యాసాన్ని పరిశీలించే నిపుణుడు) అలాగే చూస్తాడు.

అడుగులన్నిటికీ ఒకే ఉదాహరణ వాడతాను. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం పిల్లలు, ఉదాహరణకు దూదేకుల కుటుంబాల పిల్లలు, సాయంత్రం మసీదు మక్తబ్‌కు (ఖుర్ఆన్, మత పాఠాలు నేర్పే చోటుకు) వెళ్తున్నారనుకుందాం. అక్కడ దీనియాత్ (మత విశ్వాసాలు, ఆచారాల) పాఠం ఉర్దూలో నడుస్తుందనుకుందాం. దీనిపై వ్యాసం రాయాలి.

## 1. అంశాన్ని ప్రశ్నగా మార్చండి

"ఇస్లాంలో విద్య ప్రాముఖ్యం" అనేది ప్రసంగానికి పనికొచ్చే శీర్షిక. దానిపై వ్యాసం రాస్తే రెండో పేరాలోనే కొత్త మాట అయిపోతుంది. "మక్తబ్ విద్య" కొంత నయం, కానీ అది ఇంకా గంపెడంత ఉంది. ఇలా చిన్నది చేయండి:

"ఇంట్లో తెలుగు మాట్లాడే 8–12 ఏళ్ల పిల్లలకు దీనియాత్ బోధించే ఉస్తాదులు ఏ సందర్భాల్లో ఉర్దూ వదిలి తెలుగులోకి వస్తున్నారు, ఎందుకు?"

ఇందులో ఎవరిని చూడాలో ఉంది, ఏమి చూడాలో ఉంది. జవాబు మీకు ముందే తెలియదు. ఈ చివరి సంగతే ముఖ్యం. "మక్తబ్ చదువు పిల్లల్లో నీతిని పెంచుతుందా?" అని అడిగేవారి దగ్గర జవాబు అప్పటికే ఉంటుంది, సర్వే దానికి ముద్ర వేయడానికే. అది రివ్యూయర్‌కు వెంటనే తెలిసిపోతుంది.

తర్వాత పదాల సంగతి తేల్చుకోండి. మనం తేలిగ్గా "మత విద్య" అనేస్తాం గానీ ఈ రంగంలో తాలీమ్ (బోధన), తర్బియత్ (పెంపకం), తాదీబ్ (సంస్కారం నేర్పడం) అనే మూడు మాటలకు వేర్వేరు బరువుంది. 1977లో మక్కాలో జరిగిన మొదటి ప్రపంచ ముస్లిం విద్యా సదస్సులో ఇవి చర్చకు వచ్చాయి. తాదీబే సరైన మాట అని మలేసియా పండితుడు సయ్యద్ ముహమ్మద్ నకీబ్ అల్-అత్తాస్ గట్టిగా వాదించారు. ఆగ్నేయాసియా జర్నళ్ల రివ్యూయర్లు ఈ చర్చ ఎరిగినవారు. మీరు ఏ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో మొదట్లోనే ఒక పేరాలో చెప్పండి.

మక్తబ్‌ను, మద్రసాను ఒక్కటిగా కలిపేయడం మరో తప్పు. మక్తబ్ అంటే బడికి వెళ్లే పిల్లలే పొద్దునో సాయంత్రమో వెళ్లి ఖుర్ఆన్ పఠనం, దీనియాత్ నేర్చుకునే చోటు. మద్రసా పూర్తికాలపు చదువు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఈ తేడాను ప్రత్యేకంగా చెప్పింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మద్రసాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమేనని కూడా చెప్పింది. అయినా "దేశంలో ముస్లిం పిల్లల్లో అత్యధికులు మద్రసాల్లోనే చదువుతున్నారు" అన్న వాక్యంతో మొదలయ్యే వ్యాసాలు నా చేతికి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం చాలు, ఎడిటర్ మిగతాది అనుమానంతో చదవడానికి.

ముందుకు వెళ్లేముందు:

- ప్రశ్న ఒకే వాక్యంలో ఉందా?
- జవాబు "కాదు" అని వచ్చినా వ్యాసం నిలబడుతుందా?
- మక్తబ్, మద్రసా, హిఫ్జ్ (ఖుర్ఆన్ కంఠస్థం), నాజిరా (ఖుర్ఆన్ చూసి చదవడం) వంటి మాటలకు నా వ్యాసంలో అర్థం నిర్ణయించానా?

## 2. రాయకముందే జర్నల్‌ను ఎంచుకోండి

వ్యాసం ముగించాక జర్నల్ వెతకడం అంటే కొలత తీయకుండా చొక్కా కుట్టడమే. జర్నల్‌ను బట్టి నిడివి, నిర్మాణం, ఉల్లేఖన శైలి, చివరికి వాదన దిశ కూడా మారతాయి.

మొదట పరిధి చదవండి. జకార్తా నుంచి 1994 నుంచీ వస్తున్న స్టూడియా ఇస్లామికా పేరున్న జర్నల్. కానీ దాని దృష్టి ఇండోనేసియా మీద, ఆగ్నేయాసియా మీద. రాయలసీమ మక్తబ్‌పై వ్యాసం ఎంత బాగున్నా అక్కడ ఇమడదు. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ రెలిజియస్ ఎడ్యుకేషన్ వంటి చోట దేశం అడ్డు కాదు గానీ, మీ మక్తబ్ అనుభవం ఇతర మతాల విద్యా చర్చకు ఏమి చేరుస్తుందో చెప్పాలి. ఒకే సమాచారం రెండు చోట్లా రెండు వ్యాసాలుగా రూపు కడుతుంది.

ఇస్లామీయ విద్యకే ప్రత్యేకించిన జర్నళ్లు ఇండోనేసియాలో చాలా ఉన్నాయి. అక్కడి ఇస్లామిక్ విశ్వవిద్యాలయాల విభాగాలు సొంతంగా నడుపుతాయి. వాటి స్థాయి తెలుసుకోవడానికి 2017లో మొదలైన ఇండోనేసియా ప్రభుత్వ సింటా వ్యవస్థ ఉంది. అందులో 1 నుంచి 6 వరకు శ్రేణులు, 1 అన్నిటికన్నా పైది. చాలా జర్నళ్లు ఇంగ్లిషు, అరబీ, ఇండోనేసియా భాషల్లో వ్యాసాలు తీసుకుంటాయి. మన మద్రసా పట్టభద్రులకు అరబీ ఇక్కడ పెద్ద బలం. దాన్ని వదులుకుని ఇంగ్లిషుతో కుస్తీ పట్టేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

మన దేశంలో యూజీసీ కేర్ జాబితా (యూజీసీ గుర్తించిన జర్నళ్ల పట్టిక) చూసి పంపే అలవాటు చాలామందికి ఉంది. ఆ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేశారు. "కేర్ జాబితాలో ఉంది" అని ఇప్పటికీ ప్రచారం చేసుకునే జర్నల్ కనిపిస్తే జాగ్రత్తపడండి. ఏ జర్నల్‌ను ఒప్పుకుంటారో మీ విశ్వవిద్యాలయ పరిశోధన విభాగంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

నకిలీ జర్నల్‌ను పట్టే పద్ధతి:

- ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు) సంఖ్యను ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో వెతకండి. అక్కడ వచ్చే పేరు, జర్నల్ చెప్పుకునే పేరు ఒకటేనా?
- స్కోపస్‌లో (పరిశోధన జర్నళ్ల సూచికలో) ఉందంటే స్కోపస్ ఉచిత జాబితాలోనే చూడండి. జర్నల్ వెబ్‌సైటు మీద ఉన్న బొమ్మను నమ్మకండి. ఇప్పుడు కూడా కొనసాగుతోందా, ఆపేశారా అన్నదీ అక్కడే తెలుస్తుంది.
- పాత సంచికల నుంచి రెండు వ్యాసాలు పూర్తిగా చదవండి. సంపాదకుడు చదివిన జాడ ఉందా?
- "3 రోజుల్లో అంగీకారం" అంటే రివ్యూ లేదని అర్థం.
- రుసుము ఎంతో ముందే ప్రకటించారా, అంగీకరించాక అడుగుతున్నారా?

జర్నల్ ఖాయమైన రోజే దాని టెంప్లేటు దించుకుని, అందులోనే రాయడం మొదలుపెట్టండి.

## 3. అనుమతులు, క్యాలెండరు

ఇక్కడ ఆలస్యమైతే ఆరు నెలలు పోతాయి. సాధారణంగా మద్రసా విద్యా సంవత్సరం రమజాన్ తర్వాతి నెల షవ్వాల్‌లో మొదలై, రమజాన్‌కు ముందు నెల షాబాన్‌లో వార్షిక పరీక్షలతో ముగుస్తుంది. రమజాన్ సెలవులు. ఆ నెల ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయినేటి ప్రణాళిక ఈ ఏటికి పనికిరాదు. వారాంతపు సెలవు శుక్రవారం. మక్తబ్ అయితే ఫజ్ర్ (వేకువ నమాజు) తర్వాతో, అస్ర్ (సాయంత్రపు నమాజు) నుంచి మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) లోపో, మగ్రిబ్–ఇషా (రాత్రి నమాజు) మధ్యనో నడుస్తుంది. ఆదివారం ఉదయం 11 గంటలకు కెమెరాతో వెళ్తే తాళం కనిపిస్తుంది.

అనుమతులు ఈ వరుసలో తీసుకోండి:

మొదట మీ సంస్థ నైతిక సమీక్ష సంఘం ఆమోదం. ఇది సమాచారం సేకరించాక తీసుకునేది కాదు. తేదీలు సరిపోలకపోతే మంచి జర్నల్ వ్యాసాన్ని ముట్టదు.

తర్వాత మద్రసా నాజిమ్ (నిర్వాహకుడు) లేదా మసీదు కమిటీ అనుమతి. ఇది గుమ్మం దాటడానికి మాత్రమే. పిల్లల తరఫున సమ్మతి వారు ఇవ్వలేరు.

ఆపైన తల్లిదండ్రుల సమ్మతి పత్రం, వారికి అర్థమయ్యే భాషలో. మన ఉదాహరణలో అది తెలుగు. ఉర్దూలో అచ్చువేసిన పత్రం మీద తెలుగు తల్లి వేలిముద్ర వేయిస్తే, ఏ సమస్య మీద పరిశోధన చేస్తున్నారో అదే తప్పు మీరు చేసినట్టు.

చివరగా పిల్లల ఇష్టం. "వద్దు" అనే అవకాశం వాళ్లకు నిజంగా ఉండాలి. ఉస్తాద్ పక్కన నిలబడి ఉండగా అడిగితే ఏ పిల్లవాడూ వద్దనడు.

బాలికల మద్రసాలో పని అయితే మహిళా పరిశోధకురాలు లేకుండా మొదలుపెట్టకండి. ఊరు పేరు, సంస్థ పేరు దాచండి. "జిల్లా కేంద్రంలోని ఒక మక్తబ్" అంటే చాలు. అయితే ఊళ్లో ఉన్నది ఒకే మక్తబ్ అయితే ఊరి పేరు చెప్పడం ఉస్తాద్ పేరు చెప్పడంతో సమానమని గుర్తుంచుకోండి.

## 4. ఖుర్ఆన్, హదీసు, పాత గ్రంథాలు: ఆధారం చూపే పద్ధతి

ఎక్కువ వ్యాసాలు జారిపడేది ఇక్కడే, అందుకే కాస్త నింపాదిగా చెబుతాను.

ఖుర్ఆన్‌కు సూరా (అధ్యాయం) సంఖ్య, ఆయత్ (వాక్యం) సంఖ్య ఇవ్వండి: 96:1–5. అనువాదం ఎవరిదో మొదటిసారి ఉల్లేఖించినప్పుడే చెప్పండి. వ్యాసమంతా ఆ ఒక్క అనువాదాన్నే వాడండి. నాలుగు ఆయత్‌లకు నాలుగు అనువాదాలు వాడితే, వాదనకు అనుకూలమైనది ఏరుకున్నట్టు కనిపిస్తుంది. ఎక్కడైనా మీరే అనువదిస్తే ఆ సంగతి చెప్పండి.

హదీసుకు సంకలనం పేరు, కితాబ్ (అందులోని విభాగం) పేరు, సంఖ్య, ఏ ప్రచురణో అన్నీ కావాలి. "హదీసులో ఉంది" అంటే చాలదు. "బుఖారీలో ఉంది" అన్నా చాలదు. "మీలో ఉత్తముడు ఖుర్ఆన్ నేర్చుకుని, నేర్పినవాడు" అన్న హదీసు సహీహ్ బుఖారీలో 5027వది. అలా చెప్పాలి. సహీహ్ ముస్లిం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అందులో ప్రచారంలో ఉన్న సంఖ్యా పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. ఒకసారి ఫోన్‌లోని యాప్ చూసి సంఖ్య వేశాను. రివ్యూయర్ అచ్చు ప్రతి తీసి చూస్తే ఆ సంఖ్య దగ్గర వేరే హదీసు ఉంది. "రచయిత మూలం చూడలేదు" అని ఒక్క ముక్క రాశాడు. నిజమే, చూడలేదు.

ఇప్పుడు ఒక హదీసును దగ్గరగా చూద్దాం. మన సభల్లో తరచూ వినిపించే మాట: "విద్యను అభ్యసించడం ప్రతి ముస్లిం పురుషుడిపై, ప్రతి ముస్లిం స్త్రీపై ఫర్జ్ (తప్పనిసరి విధి)." ఆధారంగా ఇబ్నె మాజా హదీసు సంకలనం, 224 అని వేస్తారు. సంకలనం తెరిస్తే అక్కడ ఉన్నది "అలా కుల్లి ముస్లిమ్", అంటే "ప్రతి ముస్లింపై" అని మాత్రమే. స్త్రీ అన్న మాట ఆ పాఠంలో లేదు. "ముస్లిం" అన్న మాటలోనే స్త్రీలూ వస్తారన్నది పండితుల వివరణ. మూలపాఠం వేరు, వివరణ వేరు. సనద్ బలం గురించి కూడా ముహద్దిసుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వ్యాసంలో రాయాల్సిన తీరు ఇది: ముందు పాఠం ఉన్నది ఉన్నట్టు, తర్వాత సనద్ గురించి ఒక వాక్యం, ఆ తర్వాత స్త్రీలకు వర్తింపజేసిన వివరణ ఎవరిదో. మూడు వాక్యాలు చాలు. బాలికల విద్యపై మీ వాదనకు దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు, బలమే పెరుగుతుంది.

"చైనాకు వెళ్లైనా విద్య నేర్చుకోండి" అన్నదానితో మాత్రం వ్యాసం మొదలుపెట్టకండి. దాన్ని హదీసు పండితుడు ఇబ్నుల్ జౌజీ కల్పిత హదీసుల్లో చేర్చారు. జనం నోట దాని వాడుక గురించి రాస్తే అది వేరే సంగతి, ప్రమాణంగా మాత్రం వాడకూడదు.

పాత గ్రంథాలకు పేజీ సంఖ్య ఒక్కటే ఇస్తే లాభం లేదు, అచ్చు అచ్చుకీ పేజీలు మారతాయి. ఇస్లామీయ పండితుడు గజాలీ (మరణం 1111) విద్య గురించి చెప్పినది ఉటంకిస్తే, ఆయన గ్రంథం ఇహ్యా మొదటి భాగమైన కితాబుల్ ఇల్మ్ అని, అందులో ఏ బాబ్ (ప్రకరణం) అని, ఆపైన మీరు చూసిన ప్రచురణ, సంపుటి, పేజీ చెప్పండి. వేరొకరి వ్యాసంలో చదివిన గజాలీ వాక్యాన్ని మీరే చదివినట్టు చూపడం పట్టుబడే దొంగతనం. ఆ మధ్య మనిషి చేసిన తప్పు కూడా మీ వ్యాసంలోకి వచ్చేస్తుంది, దాన్ని బట్టే పట్టుకుంటారు.

చాలా జర్నళ్లు, ముఖ్యంగా ఇండోనేసియావి, ఆధారాల్లో అత్యధిక భాగం గత పదేళ్లవే ఉండాలని నియమం పెడతాయి. మరి గజాలీని ఏమి చేయాలి? ఆయన్ను మూల సమాచారంగా చూపండి, ఆయనపై ఇటీవల వచ్చిన వ్యాసాలను చర్చలోకి తెండి. నియమం తీరుతుంది, మీరు కొత్తగా చెప్పేదేమిటో కూడా తేలుతుంది.

తెలుగునాట కనిపించే ఒక పొరపాటు ఉంది. మద్రసాల్లో నడిచే దర్సె నిజామీ పాఠ్యక్రమాన్ని హైదరాబాద్ నిజాముకు అంటగట్టడం. అది లక్నోలోని ఫరంగీ మహల్ అనే పండితుల కేంద్రానికి చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరు మీద వచ్చింది. ఆయన, హైదరాబాద్ మొదటి నిజాం అయిన మొదటి ఆసఫ్ జా ఇద్దరూ 1748లోనే మరణించడం గందరగోళానికి ఇంకాస్త తోడైంది. బాగ్దాదులో గజాలీ బోధించిన నిజామియా మద్రసా వీటన్నిటికన్నా చాలా ముందుది, 11వ శతాబ్దానిది.

హిజ్రీ (ఇస్లామీయ క్యాలెండరు) తేదీలు: 1446 హిజ్రీ సంవత్సరం 2024 జులైలో మొదలై 2025 జూన్‌లో ముగిసింది. అంటే హిజ్రీ ఏడాది ఒక్కటే తెలిసినప్పుడు క్రీస్తు శకం సాధారణంగా రెండేళ్లుగా రాయాలి. నెల కూడా తెలిస్తేనే ఒక ఏడాదికి కుదించండి.

## 5. గదిలో విన్నది కాగితం మీదికి ఎక్కించడం

"రోజుకు ఎన్నిసార్లు నమాజు చేస్తావు?" అని ప్రశ్నావళిలో అడిగితే, మక్తబ్ పిల్లలు అందరూ "5" అనే రాస్తారు. అది జరిగేదాని లెక్క కాదు, జరగాల్సినదాని లెక్క. ప్రశ్న మార్చండి: "నిన్న అస్ర్ వేళకు ఎక్కడ ఉన్నావు? ఏమి చేస్తున్నావు?" మంచివాళ్లుగా కనిపించాలన్న తాపత్రయం మత విద్యా సర్వేలన్నిటినీ పీడించేదే. దాన్ని తగ్గించడానికి మీరేమి చేశారో పద్ధతి భాగంలో ఒక పేరా రాయండి.

అనువాదం రెండో చిక్కు. ఉస్తాద్ ఉర్దూలో "అదబ్" అంటాడు. అదే మాట గురించి తల్లిని అడిగితే తెలుగులో "మర్యాద" అనో "బుద్ధి" అనో అంటుంది. మీరు ఇంగ్లిషు వ్యాసంలో మూడింటికీ క్రమశిక్షణ అనే అర్థమున్న మాట ఒకటి వేసి సరిపెడితే, పరిశోధన ఫలితం అక్కడే ఆవిరైపోతుంది. ఉస్తాద్ చెప్పినది, తల్లి ఆశించినది ఒకటి కాదన్నదే మీరు కనుక్కున్న సంగతి కావచ్చు. మూలమాటను అలాగే ఉంచి, పక్కన వివరణ ఇవ్వండి.

చేయాల్సిన వరుస:

1. రికార్డు చేసిన భాషలోనే, దక్కనీ అయితే దక్కనీలోనే, పూర్తిగా రాసుకోండి.
2. సంకేతాలు వేయడం (ఒకే రకం మాటలకు ఒకే గుర్తు పెట్టడం) ఆ మూల ప్రతి మీదే చేయండి.
3. వ్యాసంలోకి వచ్చే మాటలను మాత్రమే ఇంగ్లిషులోకో అరబీలోకో మార్చండి.
4. మీ అనువాదాన్ని రెండో మనిషి చేత మూలభాషలోకి తిప్పించి, తేడాలు చూడండి.
5. ఏ మాట ఎవరిదో చెప్పే గుర్తులు పెట్టండి: ఉస్తాద్ 2, తల్లి 5.

## 6. రాసే వరుస వేరు, చదివే వరుస వేరు

టెంప్లేటులో ఉపోద్ఘాతం ముందుంటుంది కదా అని అక్కడే మొదలుపెట్టి నెలల తరబడి కూర్చుండిపోతారు. పద్ధతి భాగం ముందు రాయండి. మీరు చేసిన పనే కాబట్టి రెండు రోజుల్లో అయిపోతుంది. తర్వాత ఫలితాలు, ఆపైన చర్చ, అప్పుడు ఉపోద్ఘాతం, చివర్లో సారాంశం, శీర్షిక.

ఫలితాల్లో మీరు చూసినది ఉండాలి, చర్చలో దాని అర్థం ఉండాలి. మన ఉదాహరణలో "వుజూ (నమాజుకు ముందు కడుక్కోవడం) చేసే తీరు చెప్పేటప్పుడు ఉస్తాద్ తెలుగులోకి వచ్చాడు, దుఆలు (ప్రార్థనలు) వల్లె వేయించేటప్పుడు రాలేదు" అన్నది ఫలితం. చేతులతో చేసి చూపే విషయానికి అర్థం అవసరమని, పఠనానికి ఉచ్చారణే ప్రధానమని ఆయన భావిస్తుండవచ్చు అన్నది చర్చ. ఫలితాల భాగంలో "ఇది ఎంతో ప్రశంసనీయం" అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయండి.

చర్చలో ఆయత్ వచ్చినప్పుడు ఆగి ఆలోచించండి. అది మీ సమాచారాన్ని వివరిస్తోందా, లేక సమాచారం చాలనిచోట ఆ ఖాళీని పూడ్చుతోందా? రెండోదైతే తీసేయండి. ఆయత్ సత్యం కాదని దీని అర్థం కాదు. మీ 12 ఇంటర్వ్యూలు దాన్ని రుజువు చేయవు, అంతే.

ఉపోద్ఘాతానికి నాలుగు పేరాలు చాలు: సమస్య, ఇంతవరకు తెలిసినది, తెలియనిది, మీ ప్రశ్న. "ఈ అంశంపై ఎవరూ పరిశోధన చేయలేదు" అని రాయకండి. ఎవరో ఒకరు చేసే ఉంటారు, చాలాసార్లు ఆయనే మీ రివ్యూయర్.

సారాంశం సాధారణంగా 150–250 పదాలు. అందులో ఫలితం తప్పకుండా ఉండాలి. "ఫలితాలు చర్చించబడ్డాయి" అంటే చెప్పింది ఏమీ లేదు.

## 7. లిప్యంతరీకరణ, ఫాంట్లు

ఒకే వ్యాసంలో మద్రసా అన్న మాటకు మూడు ఇంగ్లిషు స్పెల్లింగులు చూశాను. అరబీ, ఉర్దూ మాటలను ఇంగ్లిషు లిపిలో రాయడానికి జర్నల్ ఏ పద్ధతి అడుగుతుందో చూడండి, చాలాచోట్ల ఐజేఎంఈఎస్ (మధ్యప్రాచ్య అధ్యయనాల అంతర్జాతీయ జర్నల్) పద్ధతి ఉంటుంది. ఇంగ్లిషులో స్థిరపడిన మాటలకు అందులో చుక్కలు, గీతలు అక్కర్లేదు.

మనవాళ్లకు అసలు తలనొప్పి ఉర్దూ, అరబీ ఉచ్చారణల తేడా. రమజాన్–రమదాన్, వుజూ–వుదూ, హదీస్–హదీథ్. అరబీ గ్రంథం నుంచి తీసుకుంటే అరబీ పద్ధతి, ఉస్తాద్ మాట నుంచి తీసుకుంటే ఉర్దూ పద్ధతి. ఈ నియమాన్ని మొదటి పాదసూచికలో చెప్పేస్తే తర్వాత ఎవరూ తప్పు పట్టరు.

ఉర్దూ టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్ పాత వెర్షన్లలో టైపు చేసిన ఉర్దూను నేరుగా అతికిస్తే చెత్త అక్షరాలు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. అను ఫాంట్లలో ఉన్న తెలుగుకూ ఇదే వైద్యం. అరబీ పేరాకు కుడి నుంచి ఎడమకు దిశ పెట్టండి, లేకపోతే విరామచిహ్నాలు తప్పు చివరకు పోతాయి.

ప్రవక్త (స) పేరు పక్కన గౌరవవచనం వాడాలా, ఎన్నిసార్లు వాడాలి అన్నది జర్నల్ శైలిని బట్టి ఉంటుంది. ఇస్లామిక్ సంస్థల జర్నళ్లు సాధారణంగా ఉంచుతాయి, కొన్ని ఇతర జర్నళ్లు తీసేస్తాయి. దీని మీద ఎడిటర్‌తో తగవు పెట్టుకోవద్దు. మీరు చదివేటప్పుడు ఎలాగూ పలుకుతారు.

## 8. పోలిక శాతం, యంత్రం రాసిన మాటలు

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. అది దాటితే మూడు స్థాయిల చర్యలు ఉంటాయి. జర్నల్ పరిమితి వేరుగా ఉండవచ్చు, దాన్ని కూడా చూడండి.

ఈ రంగంలో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. ప్రచురితమైన ఖుర్ఆన్ అనువాదం వందల వ్యాసాల్లో ఉంటుంది కాబట్టి పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ దాన్ని ఎర్రగా చూపిస్తుంది. శాతం తగ్గించాలని కొందరు ఆయత్ అనువాదంలో మాటలు అటూ ఇటూ మారుస్తారు. ఎంత మాత్రం చేయకూడని పని. ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచండి, ఉల్లేఖనలను మినహాయించి నివేదిక తీయండి. ఎడిటర్‌కు ఆ సంగతి చెప్పండి.

చాట్‌బాట్ సాయం తీసుకుంటే జర్నల్ విధానం ప్రకారం వెల్లడించండి. భాష దిద్దించుకోవడం వరకు ఫరవాలేదు గానీ ఆధారాలు అడగకండి. లేని హదీసుకు ఉన్నట్టే సంఖ్య వేసి ఇస్తుంది. ప్రతి ఆధారాన్నీ మూలంలో మీ కళ్లతో చూసి, ఆధారాలు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ జొటేరోలోనో మెండలేలోనో మీరే చేర్చుకోండి.

## 9. పంపే రోజు

ఇండోనేసియా జర్నళ్లలో ఎక్కువ భాగం ఓజేఎస్ అనే ఆన్‌లైన్ వేదిక మీదే నడుస్తాయి. ఒకసారి నేర్చుకుంటే ఆ జర్నళ్లన్నిటికీ అదే దారి. పంపేముందు చూసుకోవాల్సినవి:

- రచయితలెవరో రివ్యూయర్‌కు తెలియని పద్ధతి అయితే పేరు, సంస్థ, కృతజ్ఞతలు ప్రధాన ఫైలులో లేవు కదా? ఫైలు ప్రాపర్టీస్‌లో కూడా చూడండి, చాలామంది దొరికిపోయేది అక్కడే.
- "నా మునుపటి అధ్యయనంలో" అన్న మాట ఎక్కడా లేదా?
- 16 అంకెల ఆర్కిడ్ (పరిశోధకుడి గుర్తింపు) సంఖ్య అందరు రచయితలకూ ఉందా?
- సహరచయితలంతా చివరి ప్రతి చదివారా? పనిచేయనివారి పేరు మర్యాద కోసం చేర్చకండి, పెద్దాయన అయినా సరే.
- నైతిక ఆమోదం సంఖ్య, తేదీ ఉన్నాయా?
- వ్యాసంలోని ప్రతి ఉల్లేఖనా చివరి జాబితాలో ఉందా? జాబితాలోని ప్రతిదీ వ్యాసంలో ఉందా?
- ఎడిటర్‌కు లేఖ అర పేజీ దాటలేదు కదా?

ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకండి. జవాబు లేకుండా మూడు నెలలు గడిస్తే మర్యాదగా ఒక మెయిలు రాయండి. వేరే చోటికి పంపాలంటే ముందు ఉపసంహరణ లేఖ పంపి, అందినట్టు జవాబు వచ్చేదాకా ఆగండి.

## 10. రివ్యూ వచ్చాక

"పెద్ద మార్పులు అవసరం" అంటే తిరస్కారం కాదు. ఆ మెయిలు చదివిన రోజున జవాబు రాయకండి. రెండు రోజులు పోయాక మూడు నిలువు గళ్ల పట్టిక వేయండి: రివ్యూయర్ మాట, మీరు చేసిన మార్పు, పేజీ–పంక్తి సంఖ్య. ఒక్క వ్యాఖ్యనూ వదలకండి, అచ్చుతప్పు గురించినదైనా సరే.

ఒప్పుకోలేని వ్యాఖ్య వస్తే ఆధారంతో చెప్పండి. ఉదాహరణకు రివ్యూయర్ "మక్తబ్ విద్యార్థుల సంఖ్య చాలా తక్కువ, ప్రశ్నావళి 300 మందికి పంచండి" అన్నాడనుకోండి. మీది తరగతి గదిలోని మాటలను దగ్గరగా చూసే అధ్యయనం అయితే ఇలా రాయవచ్చు: "ఈ ప్రశ్నకు తరగతి పరిశీలన ఎందుకు సరిపోతుందో 6వ పేజీలో రెండు వాక్యాలు చేర్చాము. ఫలితాలను ఇతర మక్తబ్‌లకు విస్తరించలేమని పరిమితుల భాగంలో స్పష్టం చేశాము." అతను అడిగినది చేయలేదు, కానీ అతని అనుమానాన్ని తీర్చారు.

ఇద్దరు రివ్యూయర్లు ఎదురెదురు మాటలు చెబితే, ఏది పాటించాలని మీరు అనుకుంటున్నారో కారణంతో ఎడిటర్‌కు రాయండి. తీర్పు ఆయన పని.

తిరస్కరిస్తే ఆ వ్యాఖ్యల ప్రకారం దిద్దాకే తర్వాతి జర్నల్‌కు పంపండి. ఈ రంగం చిన్నది, అదే రివ్యూయర్ చేతికి అదే వ్యాసం మార్పు లేకుండా మళ్లీ చేరడం నేను చూశాను.

## 11. ప్రూఫు

అంగీకారం వచ్చాక ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూడటానికి పంపే ప్రతి) చూడటానికి మీకు దొరికేది సాధారణంగా రెండు మూడు రోజులే. మిగతాదంతా వదిలేసినా మూడింటిని మాత్రం అక్షరం అక్షరం చూడండి: పేర్లు, సంఖ్యలు, అరబీ. లేఅవుట్ చేసినవారికి అరబీ రాకపోతే అక్షరాలు విడివిడిగా, వెనుక నుంచి ముందుకు పడతాయి. ఆయత్‌ను ముస్‌హఫ్ (ఖుర్ఆన్ అరబీ ప్రతి) పక్కన పెట్టుకుని, హాఫిజ్ (ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు) ఒకరి చేత చదివించి పోల్చండి. అలవాటైన ఆయత్‌లో పోయిన చుక్క మన కంటికి ఆనదు, కన్ను దాన్ని తనే పెట్టేసుకుంటుంది.

డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) వచ్చాక లింకు పనిచేస్తోందో లేదో నొక్కి చూడండి. తర్వాత రెండు పేజీల సారాంశాన్ని, ఉస్తాద్‌కు ఉర్దూలో, తల్లిదండ్రులకు తెలుగులో రాసి, మక్తబ్‌కు తీసుకెళ్లి ఇవ్వండి. అస్ర్ తర్వాత వెళ్తే అందరూ ఉంటారు.